ప్రజాభిప్రాయ సేకరణ నిజంగా జరిగిందా, మొక్కుబడిగా జరిగిందా: ఎలా తేల్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ప్లానింగ్ చదువుతున్నారు. విజయవాడలో ఉత్తరం వైపు ఒక డివిజన్లో వాన నీటి కాలవలు, రోడ్డు విస్తరణ కలిపి వేసిన ప్లాన్ మీద మీ థీసిస్. కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్టులో ప్రజల భాగస్వామ్యం మీద ఒక అధ్యాయం ఉంది, దాంట్లో మీటింగుల ఫొటోలు, సంతకాల షీట్లు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సంతృప్తి చెందారని ఒక వాక్యం ఉన్నాయి. ఈ భాగస్వామ్యం ఎంతవరకు అసలైనదో అంచనా వేయమని మీ గైడ్ చెప్పారు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది సంతృప్తి పడ్డారు అనే రెండు లెక్కలూ సరిపోతాయా, ఇంకేమైనా చూడాలా అని అడిగారు.

సరిపోవండీ. కొలవడానికి తేలిక కాబట్టి అందరూ ఆ రెండే కొలుస్తారు, అవి అసలు సంగతి చెప్పవు. నన్నడిగితే ఒక్క పని పట్టుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ వాటంతటవే వస్తాయి: ఆ మీటింగుల్లో జనం చెప్పిన ప్రతి మాటా చివరికి ఎక్కడ తేలిందో వెతకండి. ముసాయిదా ప్లాన్, ఫైనల్ ప్లాన్ పక్కపక్కన పెట్టండి. ఫలానా మాట వల్ల గీత ఎక్కడైనా మారిందా? మారకపోతే ఎందుకు మార్చలేదో ఎవరైనా కాగితం మీద రాశారా? రాసింది ఆ చెప్పిన మనిషికి చేరిందా? ఈ మూడిట్లో ఏ ఒక్కటీ లేకపోతే అక్కడ మీటింగ్ జరిగింది అంతే, హాలు కిటకిటలాడినా సరే దాన్ని భాగస్వామ్యం అని నేను ఒప్పుకోను.

నేను విజయవాడ, గుంటూరు రెండు చోట్లా ఈ పనుల్లో చాలా ఏళ్ళు ఉన్నాను, కొన్నిసార్లు మీటింగులు పెట్టే వైపు, కొన్నిసార్లు వేరేవాళ్ళు పెట్టిన మీటింగుల మీద రిపోర్టు రాసే వైపు. కింద రాసేవన్నీ అలా తెలిసినవే.

ముందు ఒక పెద్ద పట్టిక వేసుకోండి. ఒక్కో మాటకి ఒక్కో వరస. మొదటి గడిలో ఎవరన్నారు, పేరు అక్కర్లేదు, సొంతిల్లా అద్దెకా, ఆడా మగా, షాపు మనిషా తోపుడు బండి మనిషా అనేది చాలు. రెండో గడిలో వాళ్ళు అన్నది అన్నట్టు. మూడో గడిలో మినిట్స్‌లో, అంటే మీటింగ్ గురించి ఆఫీసు రాసిపెట్టుకునే రికార్డులో, దాన్ని ఎలా రాశారు. తర్వాత దానికి ఆఫీసు ఏం జవాబిచ్చింది, ఫైనల్ ప్లాన్‌లో ఏమైంది. చాలామంది రెండో గడి వదిలేసి మినిట్స్‌తోనే మొదలుపెడతారు, దాంతో సగం కథ అక్కడే పోతుంది. ఎందుకంటే జనం ఇచ్చే సమాచారం మినిట్స్‌లోకి ఎక్కేసరికి విన్నపంగా మారిపోతుంది. నేను చూసిన దాంట్లో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

ఒకటి చెప్తాను. 2024 వరదకి చాలా ముందు సంగతి, విజయవాడలో బుడమేరు వాగు వైపు పల్లపు కాలనీ ఒకటి. కమ్యూనిటీ హాల్లో మ్యాప్ గోడకి అంటించి కాలవలు ఎటు పారతాయో బాణాలతో గీసి చూపించారు. ఒకావిడ చాలాసేపు వెనక నిలబడి చూస్తోంది. రైలు పట్టాలు ఇవి, స్కూలు ఇది అని ఎవరో చూపించాక ముందుకొచ్చి తన వీధి పట్టుకుంది. తూము దగ్గర వేలు పెట్టి, "బాణం అటు గీశారు గానీ సార్, బుడమేరు నిండుగా ఉంటే ఇక్కడ నీళ్ళు అటు పోవు, ఎదురు తన్ని మా వీధిలోకి వస్తాయి, ఆ యేడు మూడో మెట్టు దాకా వచ్చాయి" అంది. ఆ యేడు అంటే 2005, ఆ వైపు పాతకాపులందరికీ గుర్తున్న వరద. ఆవిడ చెప్పింది మామూలు మాట కాదు. కాలవ వెడల్పు చేసినంత మాత్రాన చాలదు, కలిసే చోట నీటిమట్టం ఎక్కువైతే వెనక్కి తంతుంది, అక్కడ తలుపో షట్టరో కావాలి, లేదా పంపు కావాలి. ఇంజనీరు డబ్బు పెట్టి సర్వే చేయించి తెలుసుకోవాల్సిన విషయం ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పింది.

మినిట్స్‌లో ఏం రాశారో తెలుసా? "డ్రైనేజీ వ్యవస్థను మెరుగుపరచవలసిందిగా స్థానిక మహిళలు కోరారు." దాని పక్కన జవాబు: "ప్రతిపాదనలో పొందుపరచడమైనది." లెక్క ప్రకారం ఒక సూచన వచ్చింది, ఒక సూచన ఆమోదం పొందింది. మీరు మినిట్స్ పట్టుకుని లెక్కేస్తే అది నూటికి నూరు శాతం విజయం. తూము మాత్రం ప్లాన్‌లో ఎలా ఉన్నది అలాగే ఉంది. రాసిన ఉద్యోగికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఆఫీసు భాషలో జనం ఎప్పుడూ కోరతారే తప్ప చెప్పరు, అతని చేతికి ఆ వాక్యమే వస్తుంది.

కాబట్టి రెండో గడి నింపడానికి మీరు కష్టపడాలి. వీడియో ఉంటే అడగండి. లేకపోతే సంతకాల షీట్ పట్టుకుని ఆ వీధులకి వెళ్ళండి, మీటింగ్‌లో లేచి మాట్లాడినవాళ్ళెవరో వీధిలో అందరికీ గుర్తుంటుంది, ఏళ్ళు గడిచినా. వాళ్ళని "ఏం కోరారు" అని అడగొద్దు, "ఏం చెప్పారు" అని అడగండి, వీలైతే అదే మ్యాప్ తీసుకెళ్ళి అక్కడే చూపించమనండి.

2024 సెప్టెంబర్ 1న ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. బుడమేరు నీళ్ళని కృష్ణ వైపు మళ్ళించే డైవర్షన్ ఛానల్‌కి గండ్లు పడటం, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తడం, నీళ్ళు పాత బుడమేరు దారినే దిగి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరి పేట మునగడం. అప్పుడే కృష్ణ కూడా పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. అంత వరదని వీధి కాలవల ప్లాన్ ఏదీ ఆపలేదు, ఆ ముక్క స్పష్టంగా చెప్తున్నాను, మీ థీసిస్‌లో కూడా అలాంటి అతి వాదన పెట్టకండి. కానీ ఆ తర్వాత ఆ వైపు జరిగే ప్రతి మీటింగ్‌కీ ఒక లక్షణం వచ్చింది: జనం దగ్గర కొత్త జ్ఞాపకం ఉంది, ఏ సందులోకి నీళ్ళు ముందొచ్చాయి, ఎక్కడ ఎన్ని రోజులు నిలిచాయి, పడవ ఎక్కడిదాకా రాగలిగింది, ఇదంతా ఇంటింటికీ తెలుసు. మీ ప్లాన్ మీటింగులు ఆ తర్వాత జరిగుంటే, ఈ విషయాలు ఎవరైనా అడిగి మ్యాప్ మీద ఎక్కించారా లేదా అనేది మీకు మంచి పరీక్ష. అడగలేదంటే ఆ మీటింగ్ వినడానికి పెట్టింది కాదని మొహమాటం లేకుండా రాయండి.

తర్వాత తేదీలు. ఏ దశలో అడిగారన్నది అడిగిన పద్ధతి కంటే ముఖ్యం. ఎర్ర గీతలు గోడల మీద పడ్డాక పెట్టే మీటింగ్‌లో జనం చర్చించేది ఒక్కటే, ఎన్ని అడుగులు పోతుంది, పరిహారం ఎంత, టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇస్తారా అని. రోడ్డు అంత వెడల్పు కావాలా, ఇటు కాకుండా అటు తీసుకోవచ్చా అన్న ప్రశ్న అప్పటికే చచ్చిపోయింది. కాబట్టి ఒక కాగితం మీద వరసగా రాసుకోండి: సర్వే ఎప్పుడు, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) ఎప్పుడు, కౌన్సిల్ ముందుకు ఎప్పుడు, టెండర్ ఎప్పుడు, మొదటి ప్రజా సమావేశం ఎప్పుడు. టెండర్ తర్వాత మీటింగ్ జరిగిందంటే మీ అధ్యాయం సగం రాసినట్టే. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4 చదవండి. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలు తీసుకునేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని, ఆ నిర్ణయాలకి కారణాలు ప్రభావితులకి చెప్పాలని అందులోనే ఉంది. కారణం చెప్పమనడం మీరు అదనంగా కోరే మర్యాద కాదు, చట్టంలో ఉన్న బాధ్యత. మూల్యాంకనంలో దీన్ని గట్టిగా వాడుకోవచ్చు.

ఇక ఎవరు వచ్చారు అన్నదానికంటే ఎవరు రాలేదు అన్నది చూడండి. సంతకాల షీట్లు ఊరికే లెక్కపెట్టకుండా చదవండి. నేను అలా చదివిన ఒక కట్టలో వరసగా చాలా పేజీలు ఆడవాళ్ళ సంతకాలే, ఒకే పెన్ను, ఒకే వీధి చిరునామా. మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు: హాలు నిండాలంటే డ్వాక్రా గ్రూపులకి కబురు పెడతారు, ఆ గ్రూపులని చూసుకునే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) వాళ్ళని పిలుచుకొస్తుంది, వాళ్ళు వచ్చి కూర్చుని సంతకం పెట్టి టీ తాగి వెళ్తారు. ఆ ఆడవాళ్ళని తక్కువ చేసి చెప్పడం లేదు. విడిగా వాళ్ళ గ్రూపు మీటింగ్‌లో కూర్చుని అడిగితే ఆ కాలనీ గురించి వాళ్ళంత వివరంగా ఎవరూ చెప్పలేరు. కానీ అధికారి, కార్పొరేటర్, వీధిలో పెద్దమనుషులు ముందు వరసలో కూర్చున్న హాల్లో, మైకు ముందు వరస దాటి వెనక్కి రాని చోట, వాళ్ళు నోరు విప్పరు. వాళ్ళ సంఖ్య చూపించి మహిళల భాగస్వామ్యం ఎక్కువ అని రాయడం తప్పు. వీడియో ఉంటే వచ్చినవాళ్ళ సంఖ్య పక్కన పెట్టి మైకు ఎవరి చేతికి వెళ్ళిందో, ఎంతసేపు ఉందో చూడండి.

మీటింగ్ వేళ కూడా చూడండి. పని రోజున పొద్దున పదకొండింటికి పెడితే అడ్డా కూలీలు రారు, ఆటోనగర్‌లో పనిచేసేవాళ్ళు రారు, ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు రారు. వచ్చేది రిటైరైనవాళ్ళు, షాపుల ఓనర్లు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు. అద్దెకుండేవాళ్ళ సంగతి మరీ ఘోరం, వాళ్ళని ఎవరూ పిలవరు, ఎందుకంటే నోటీసు వెళ్ళేది ఆస్తి పన్ను రికార్డులో పేరున్నవాళ్ళకి. విజయవాడలో అద్దె ఇళ్ళు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. రోడ్డు వెడల్పయితే అద్దె పెరిగేది వాళ్ళకి, కాలవ తవ్వితే నెలల తరబడి బురద తొక్కేది వాళ్ళు. వార్డు సచివాలయంలో ఇంటింటి వివరాలు ఉంటాయి, డివిజన్‌లో ఎవరెవరున్నారో స్థూలంగా అక్కడ కనుక్కుని మీటింగ్‌కి వచ్చినవాళ్ళతో పోల్చండి.

వీధి వ్యాపారులు ఉన్న రోడ్డయితే ఇంకోటి తప్పకుండా అడగండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, ఆ ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. రోడ్డు విస్తరణ ప్లాన్ ఆ కమిటీ ముందుకి వెళ్ళిందా? బీసెంట్ రోడ్ లాంటి చోట నడిచినవాళ్ళకెవరికైనా తెలుసు, రోడ్డు ప్లాన్ అంటే సగం వాళ్ళ బతుకు ప్లాన్. వాళ్ళ పేరు ఏ సంతకాల షీట్‌లోనూ ఉండదు, ఎందుకంటే మీటింగ్ జరిగే వేళకి వాళ్ళు బండి వదిలి రాలేరు.

నోరు విప్పని వాళ్ళలో ఇంకో రకం ఉంది, దీని గురించి పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. కాలవ కట్టల మీద, పోరంబోకులో ఉన్నవాళ్ళు అభ్యంతరం రాసివ్వరు. పేరు, ఇంటి నంబరు రాసి సంతకం పెట్టి ఇస్తే ఆక్రమణల జాబితాలో తామే చేరినట్టవుతుందని భయం. గుంటూరులో ఒక చోట రిపోర్టులో "నిర్ణీత గడువులోగా ఎటువంటి అభ్యంతరాలు రాలేదు" అని చదివి ఆ వీధికి వెళ్ళాను. అందరికీ అభ్యంతరాలున్నాయి, నీళ్ళ కుళాయి దగ్గర నిలబడితే చాలు, చెప్తూనే ఉన్నారు. పట్టా లేని ఇంట్లో ఉండి ప్రభుత్వానికి కాగితం రాసివ్వడం ఎలా అన్నారు. కాబట్టి అభ్యంతరాలు లేవు అన్న వాక్యం కనిపిస్తే దాన్ని సమ్మతిగా రాయకండి, అక్కడ ఎవరుంటున్నారో వెళ్ళి చూశాకే దాని అర్థం ఏమిటో రాయండి.

సమాచారం అర్థమయ్యేలా ఇచ్చారా అన్నదానికి పెద్ద పద్ధతి అవసరం లేదు. జనానికి చూపించిన అదే మ్యాప్ తీసుకుని ఆ డివిజన్‌లో టీ కొట్టు దగ్గరికి వెళ్ళి, నలుగురిని వాళ్ళ ఇల్లు చూపించమనండి. సర్వే నంబర్లతో, ఇంగ్లిష్ అక్షరాలతో ఉన్న పీడీఎఫ్‌లో ఎవరూ ఇల్లు పట్టుకోలేరు. జనం బుర్రలో ఊరు సర్వే నంబర్లుగా ఉండదు, పైపుల రోడ్డు, ఫ్లైఓవర్ దిగువ, రామాలయం పక్క సందు, ఇలా ఉంటుంది. ఇల్లు పట్టుకోలేని మ్యాప్ మీద అభిప్రాయం అడగడం అన్యాయం.

పర్యావరణ అనుమతుల కోసం జరిగే బహిరంగ విచారణ పద్ధతి ఒకసారి చదవండి, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఉంది. మీ ప్లాన్‌కి అది వర్తించకపోయినా పోల్చడానికి పనికొస్తుంది. కనీసం 30 రోజుల ముందు నోటీసు, ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో, విచారణ మొత్తం వీడియో తీయడం, చివర్లో జనం ఏమన్నారో రాసింది అక్కడున్నవాళ్ళకి స్థానిక భాషలో చదివి వినిపించడం. ఈ చివరిది నాకు చాలా ఇష్టమైన నియమం. పైన చెప్పిన తూము సంగతిలో మినిట్స్ అక్కడే చదివి వినిపించి ఉంటే ఆవిడ, నేను అన్నది అది కాదు అని లేచి ఉండేది. అదే నోటిఫికేషన్‌లో సభ మొదలవడానికి కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క, అక్కర్లేదని కూడా ఉంది, అంటే ఎంతమంది వచ్చారన్నదాన్ని ఆ చట్టం కూడా గీటురాయిగా పెట్టుకోలేదు. మున్సిపల్ ప్లాన్లకి ఈ నియమాలు లేవు కదా అని మీ వైవాలో ఎవరైనా అంటే, నియమం లేదు కాబట్టి చేయకూడదని లేదుగా అనండి, మంచి పద్ధతి ఎలా ఉంటుందో మన దేశంలోనే రాసిపెట్టి ఉంది.

సిద్ధాంతాల విషయానికి వస్తే షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన భాగస్వామ్య నిచ్చెన మీకు పాఠంలో వచ్చే ఉంటుంది, 8 మెట్లు, కింద జనాన్ని ఆడించడం, పైన జనం చేతిలో అధికారం. మంచిదే, కానీ విద్యార్థులు దాన్ని వాడే పద్ధతి మీద నాకు అభ్యంతరం ఉంది. ప్రాజెక్టు మొత్తానికి కలిపి ఒక మెట్టు కట్టబెట్టి, ఇది ప్లకేషన్ (బుజ్జగింపు), ఇది కన్సల్టేషన్ (అభిప్రాయం అడగడం) అని తేల్చేస్తారు. ఒకే ప్లాన్‌లో పార్కు ఎక్కడుండాలన్నది జనమే తేల్చి ఉండొచ్చు, కాలవ దారి గురించి ఊరికే చెప్పి ఉండొచ్చు, రోడ్డు వెడల్పు గురించి అసలు చెప్పకపోయి ఉండొచ్చు. విషయం విషయానికీ మెట్టు వేరు, మనిషి మనిషికీ వేరు. అందుకే నా పట్టిక వరసల మీద నడుస్తుంది. రో, ఫ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఇచ్చిన కొలమానాలు మూల్యాంకనానికి ఇంకా దగ్గరగా ఉంటాయి: ప్రాతినిధ్యం, స్వతంత్రత, తొందరగా కలుపుకోవడం, నిర్ణయం మీద ప్రభావం, పారదర్శకత ఒక గుంపు, వనరులు, పని స్పష్టత లాంటివి ఇంకో గుంపు. మీ గైడ్‌కి చట్రం కావాలంటే అది పెట్టండి, పట్టికని దాని కింద సర్దుకోవచ్చు.

కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమం, బ్రెజిల్లో పోర్టో అలెగ్రి నగరం 1989 నుంచి చేసిన భాగస్వామ్య బడ్జెట్ లాంటివి పోలికకి తేవాలని అనిపిస్తుంది. తేవచ్చు గానీ జాగ్రత్త, అక్కడ ఎంతో కొంత డబ్బు మీద జనానికి నిర్ణయం ఉంది, కాబట్టి రూపాయల్లో కొలవొచ్చు. మీ ప్లాన్‌లో అలాంటిది లేదు. మనకి చట్టంలో ఉన్న వేదిక వార్డు కమిటీ. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం 243ఎస్ అధికరణ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. విజయవాడ, గుంటూరు రెండూ ఆ లెక్కలోకి వస్తాయి. మీ డివిజన్‌కి అలాంటి కమిటీ ఉందా, ఈ ప్లాన్ దాని ముందుకి వచ్చిందా, వస్తే మినిట్స్ ఏవి, అని రాతపూర్వకంగా అడిగి, ఏ జవాబొచ్చినా అలాగే పెట్టండి.

ఇక్కడ రెండు విషయాల్లో మీరు తొందరపడే ప్రమాదం ఉంది. ప్లాన్ మారింది కదా అని మంచి జరిగిందనుకోకండి. నాకు తెలిసిన ఒక చోట మెయిన్ రోడ్డు షాపుల వాళ్ళందరూ కలిసి అభ్యంతరం ఇచ్చారు, లాయర్ చేత రాయించి, ఫొటోలు జత చేసి. ఫైనల్ ప్లాన్‌లో కాలవ దారి మారింది. నా పట్టికలో అది పూర్తిగా నెగ్గిన వరస. తీరా చూస్తే కాలవ వెనక సందులోకి జరిగింది, ఆ సందులో అన్నీ అద్దె ఇళ్ళు, ఎవరికీ మాట మాత్రంగా కూడా చెప్పలేదు. అందుకే మొదటి గడిలో ఎవరన్నారో రాయమన్నది. మార్పులన్నీ ఒకే రకం మనుషుల మాట మీద జరిగుంటే అది మీ మూల్యాంకనంలో మొదటి పేజీలో ఉండాల్సిన విషయం.

అలాగే కాదనడం తప్పు కాదు, కారణం చెప్పకుండా కాదనడం తప్పు. ఒక కాలనీ వాళ్ళు మురుగంతా దగ్గర్లో ఉన్న ఇరిగేషన్ కాలవలోకి వదిలేయమని పట్టుబట్టారు, దగ్గర దారి అదే, ఖర్చూ తక్కువ. ఆ ఇంజనీరు హాల్లోనే లెవెల్స్ కాగితం తీసి, ఈ కాలవ నీళ్ళే కింద డెల్టా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపుతాయి, మీ చుట్టాలు ఆ ఊళ్ళలో తాగుతారు, అందుకని కుదరదు, దానికి బదులు పంపింగ్ ఇక్కడ పెడతాం అని ఓపిగ్గా చెప్పాడు. రెండో మీటింగ్‌లో అదే రాసి పంచిపెట్టాడు కూడా. జనం గొణిగారు, ఒప్పుకున్నారు, పంపు ఎక్కడుండాలో వాళ్ళే చెప్పారు. కోరింది జరగలేదు, అయినా నేను చూసిన మంచి మీటింగుల్లో అదొకటి. లెక్కల్లో అయితే తిరస్కరించినది అని ఒక్క ముక్కతో పోతుంది.

సంతృప్తి సర్వే గురించి కూడా అడిగారు. మీటింగ్ అవ్వగానే హాలు గుమ్మం దగ్గర, సచివాలయం సిబ్బంది చేతే ఫారాలు నింపిస్తే అందరూ బాగుందనే అంటారు. పింఛను, రేషన్, ఇళ్ళ పట్టా అన్నీ ఆ సిబ్బంది ద్వారానే రావాలి, వాళ్ళ మొహం మీద బాగాలేదని ఎవరంటారు? చేయాలనుకుంటే ఆరు నెలలు ఆగి, అధికారులెవరూ వెంట లేకుండా మీరే వెళ్ళండి. బాగుందా బాగాలేదా అని అడగొద్దు. మీరు ఏం చెప్పారు, ఎవరు రాసుకున్నారు, ఆ తర్వాత ఎవరైనా వచ్చి ఏమైందో చెప్పారా, మళ్ళీ మీటింగ్ పెడితే పని మానుకుని వెళ్తారా అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు దాదాపు అంతా చెప్పేస్తుంది. రోజు కూలి వదులుకుని వచ్చేవాళ్ళకి ఆ మీటింగ్ ఎంత ఖరీదో గుర్తుపెట్టుకోండి, ఒకసారి వచ్చి తన మాట గాల్లో కలిసిపోయిందని తెలిసినవాడు రెండోసారి రాడు, రాకపోతే అతనిది ఉదాసీనత అని రాసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

కాగితాల కోసం ఆర్టీఐ ఇప్పుడే వేయండి, జవాబుకి 30 రోజులు గడువు, థీసిస్ చివర్లో వేస్తే అందదు. "ప్రజల భాగస్వామ్యానికి సంబంధించిన వివరాలు" అని గంపగుత్తగా అడిగితే ఆ రిపోర్టే మళ్ళీ ఇస్తారు. విడివిడిగా అడగండి: అభ్యంతరాలు, సలహాల రిజిస్టర్ నకలు, ఒక్కోదానికి ఇచ్చిన జవాబు నకలు, మీటింగ్ నోటీసు ఎక్కడెక్కడ అంటించారు, ఏ పేపర్లో వేశారు, దండోరా వేయించారా, ముసాయిదా తేదీ, టెండర్ ప్రకటన తేదీ, వీడియో ఉంటే దాని నకలు. రిజిస్టర్ లేదని జవాబొస్తే కంగారు పడకండి, ఆ జవాబు కాగితమే మీకు సాక్ష్యం.

మీకు టైమ్ తక్కువని రాశారు కాబట్టి డివిజన్ మొత్తం మీద వేసుకోకండి. ఒక కాలవ, దాని వెంట ఉన్న నాలుగైదు వీధులు తీసుకోండి, అక్కడ పూర్తిగా చేయండి. జూలై తర్వాత వానలు పడుతున్నప్పుడు వెళ్ళండి, ఎండాకాలంలో అందరూ మర్యాదగా మాట్లాడతారు, నీళ్ళు గుమ్మం దగ్గరున్నప్పుడు ఎక్కడ ఏం తప్పో వేలు పెట్టి చూపిస్తారు. పట్టిక పూర్తయ్యాక సబ్మిట్ చేసే ముందు తెలుగులో ప్రింట్ తీసి అదే వీధిలో చదివి వినిపించండి, మీరు రాసిన రెండో గడిలో కూడా తప్పులుంటాయి, వాళ్ళు దిద్దుతారు. రిజిస్టర్ నకలు చేతికొస్తే పేర్లు, ఇంటి నంబర్లు చెరిపేసి రెండు మూడు పేజీలు ఇక్కడ పెట్టండి, ఏ వరసలు పట్టుకోవాలో చూసి చెప్తాను.